పై వరస నట్లు

నేను రిటైరైన రోజు మా వర్క్‌షాపులో చిన్న మీటింగు పెట్టారు. శాలువా కప్పారు, దండ వేశారు. మైకు అందుకున్న ప్రతివాడూ ఒకే సంగతి చెప్పాడు. పల్లెపాలెం బోటులో పట్టేసిన గ్లాండు నట్టుని, బోటుకి గీత పడకుండా, రెండు రోజులు కూర్చుని మొత్తంగా ఊడదీసిన చెయ్యి ఇది అన్నారు. ఒకాయనైతే నా చెయ్యి పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించాడు. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. దండ తీసి కుర్చీలో పడేసి ఇంటికొచ్చేశాను. పెద్దాయన దుఃఖం ఆగక వెళ్లిపోయాడని అనుకున్నారట.

ఊడదీసిన మాట నిజమే. ఆ తర్వాత ఏం జరిగిందో మాత్రం అక్కడ ఒక్కడూ చెప్పలేదు. కొందరికి తెలియదు, తెలిసినవాళ్లకి చెప్పే దమ్ము లేదు. నాకూ ఇన్నాళ్లు లేదనుకోండి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని ఇప్పుడు రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు, సగం కథ విని మెచ్చుకోవడం మాత్రం వద్దు.

మాది పర్చూరు వైపు మిరప పండించే ఊరు. మా నాన్న పండించడమే కాదు, చుట్టుపక్కల ఊళ్లలో కాయ కొని గుంటూరు యార్డుకి పంపేవాడు. గోతాం మూతి విప్పగానే పైన నిగనిగలాడే ఎర్రకాయ కనిపిస్తుంది. ఆయన దాని వంక చూసేవాడే కాదు. మోచెయ్యి దాకా గోతాంలోకి దూర్చి, అడుగునున్న కాయ గుప్పెడు పైకి లాగేవాడు. తాలుకాయ, తడికాయ ఉంటే అక్కడే ఉంటుంది. కాయ అమ్మేవాడు చుట్టమైనా సరే, చెయ్యి దూర్చకుండా బేరం మాట్లాడింది లేదు. నేను అది చూస్తూ పెరిగాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీంతో పని పడుతుంది.

పొలాల్లో ఆయిలింజన్లు బాగుచేస్తూ పని నేర్చుకున్నాను. అక్కణ్ణించి చీరాల వైపు సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక సర్కారు వర్క్‌షాపులో మెకానిక్కుగా చేరాను. తొంభైల చివర్లో, తెప్పల మీద వేటకెళ్లే వాళ్లకి ఇంజను బిగించిన ఫైబర్ బోట్లు ఇచ్చే పథకం ఒకటి వచ్చింది. ఆరుగురికి కలిపి ఒక బోటు. బోటుతో పాటు ఒక షరతు కూడా ఇచ్చారు. రెండేళ్ల లోపు ఏ సామానైనా దానంతటది చెడిపోతే సరఫరా చేసినవాడే బాగుచేసివ్వాలి. వాడేవాళ్లు సరిగా చూసుకోక చెడిపోతే బోటు వెనక్కి తీసుకుని వేరే ఊరివాళ్లకి ఇచ్చేస్తారు. ఆ కాగితం మీద ఆరుగురూ వేలిముద్రలు వేశారు. పాత తెప్పల దుంగలు అప్పటికే అమ్మేసుకున్నారు పాపం, ఇక వాటితో పనేముందని.

గ్లాండు నట్టు అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఇంజను బోటు లోపల ఉంటుంది, దాని పంకా వెనకాల నీళ్లలో ఉంటుంది. రెంటినీ కలిపే షాఫ్టు బోటు అడుగున ఒక కంచు గొట్టంలోంచి బయటికి వెళ్తుంది. ఆ గొట్టం లోపలి మూతికి ఉండేదే ఈ నట్టు. షాఫ్టు పక్కనుంచి నీళ్లు ఊరుతుంటే దీన్ని ఇంకాస్త బిగించాలి. ఇదీ కంచుదే అయ్యుండాలి. ఉప్పునీళ్లలో కంచు గొట్టానికి ఇనుప నట్టు తగిలిస్తే ఆ ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, మరల్లో కరుచుకుపోతుంది. ఇక బిగియదు, ఊడదు.

ఒకరోజు పల్లెపాలెం నుంచి కబురొచ్చింది. వేట మధ్యలో బోటులోకి నీళ్లు వచ్చాయి, నట్టు బిగిద్దామంటే కదల్లేదు, ఆరుగురూ వంతులేసుకుని బకెట్లతో తోడుకుంటూ చచ్చీ చెడీ ఒడ్డుకి చేరారు. నేనూ మా టర్నరూ సామాను పెట్టె తీసుకుని వెళ్లాం. ఆయన చీరాల ముస్లిం, నాకంటే పదేళ్లు పెద్ద, ఇనుము చెక్కే లేతు మిషను మీద ఆయన చెయ్యి పడితే చాలు అనేవాళ్లు. మేమంతా భాయ్ అని పిలిచేవాళ్లం.

బోటు ఎక్కి నట్టు చూశాను. స్పానరు వేసి లాగితే జారిపోతోంది, నట్టు రవ్వంత కూడా కదల్లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బోటు పెద్ద, నలభై ఏళ్ల మనిషి, పక్కనే నిలబడి ఉంటే ఆయన మీద విరుచుకుపడ్డాను.

"బోటు తీసుకోడానికి ముందుంటారు. దాన్ని చూసుకునేదెవరు? పొద్దున్నే కాస్త గ్రీజు పెట్టడానికి మీకేం రోగం? రోజూ పెట్టాలి, మర్చిపోతే పట్టేస్తదని ఇచ్చిన రోజే చెప్పానా లేదా?"

"అట్టా అనబాక మేస్త్రీ. పెడతానే ఉన్నాం," అన్నాడు ఆయన.

"పెడితే ఇట్టా ఎందుకు తగలడింది?"

చేపల గంప దించుకుని అక్కడే కూర్చున్న ఆయన భార్య అందుకుంది. "నా తలకి కొబ్బరినూనె తెమ్మంటే నెల దాకా తెచ్చే మనిషి కాదు. దానికి మాత్రం తెల్లారేసరికి గ్రీజు. దాన్ని నేను సవితీ అని పిలుస్తా, ఊరంతా ఎరుగుదురు, అడుగు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎదుటివాడి తప్పే అని ముందే తేల్చుకున్నవాడికి ఏ మాటా చెవికెక్కదు.

మధ్యాహ్నానికి మా ఇంజినీరు గారు జీపులో వచ్చారు. బూట్లకి తడి ఇసక అంటుతుందని దూరంగానే ఆగి, బోటు వంక ఒకసారి చూశారు. "ఇంత ఆలోచన దేనికండీ? గ్యాస్ కటింగు పెట్టి కోసెయ్యండి. రిపోర్టులో వాడకంలో నిర్లక్ష్యం అని రాద్దాం. రెండు రోజుల్లో నాకు కావాలి," అని వెళ్లిపోయారు. నట్టు ఎందుకు పట్టేసిందో చూడకుండానే కారణం ఎలా రాస్తారో నాకర్థం కాలేదు. అయినా అప్పటికి నాకూ అదే నమ్మకం కాబట్టి తలూపాను.

స్పానరుకి పట్టు దొరుకుతుందని భాయ్ నట్టు అంచులు ఆకురాయితో రాయడం మొదలుపెట్టాడు. నాలుగు రుద్దులు రుద్ది ఆగిపోయాడు. పైన పసుపు రంగు పోయి కింద తెల్లగా గీత కనపడింది.  ఇనుప రజను ఏరుకోడానికి పెట్టెలో ఉంచుకునే అయస్కాంతం తీసి నట్టు దగ్గర పెట్టాడు. టక్కున అంటుకుంది.

కంచుకి అయస్కాంతం అంటుకోదు. మా వర్క్‌షాపు ఊడ్చే మనిషికి కూడా ఆ సంగతి తెలుసు. ఎవడో దరిద్రుడు ఇనుప నట్టుకి కంచు రంగు పూత పూసి అంటగట్టాడు. ఆరుగురు మనుషులు నడిసముద్రంలో దేని మీద నమ్మకం పెట్టుకుని కూర్చుంటారో, దానికి రంగు పూశాడు.

"ఈ సరుకు దించుకున్నదెవర్రా?" అన్నాడు భాయ్.

 ఆ సరుకు దించుకున్నది నేనే.

బోట్లకి బిగించే నట్ల పెట్టెలు వర్క్‌షాపుకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఇంటి దగ్గర కల్లంలో మిరపకాయ ఆరబోసి ఉంది. మధ్యాహ్నం నుంచీ మబ్బేసింది. చినుకు పడితే కాయంతా తెల్లబారిపోతుందని నా ప్రాణం అంతా అక్కడే ఉంది. సాయంత్రం బస్సు అందుకోవాలి. ఒక పెట్టె మూత తీశాను. పై వరసలో నట్లు పచ్చగా మెరుస్తున్నాయి. ఒకటి తీసి సుత్తితో తట్టాను, ఖంగుమంది. అసలైన కంచు. కింద వరసలు తియ్యలేదు. రిజిస్టరులో 'అన్నీ పరీక్షించితిని, సరిగా ఉన్నవి' అని రాసి సంతకం పెట్టి బస్సెక్కాను. కాయ తడవలేదు. అడుగుదాకా చెయ్యి దూర్చందే బేరమాడని మనిషి కొడుకుని, పై వరస చూసి సంతకం పెట్టాను.

"నేనే భాయ్," అన్నాను.

ఆయన అయస్కాంతం పీకి పెట్టెలో పడేశాడు. "అయితే దీన్ని కొయ్యకూడదు. కోస్తే ముక్కలూ మసీ మిగులుద్ది, ఇక ఎవరేం చెప్పినా చెల్లుద్ది. మొత్తంగా తియ్యాలి. తీసి ఆయన టేబులు మీద పెట్టు. ఈ ఆరుగురి బోటు ఈ ఆరుగురికి ఉంటది," అన్నాడు.

ఆ మొదటిరోజు మిగిలిన పూటంతా కిరసనాయిలు, డీజిలు కలిపి నట్టు అంచులకి పోస్తూ, చిన్న సుత్తితో చుట్టూ తడుతూ కూర్చున్నాం. గట్టిగా కొడితే గొట్టం పగులుతుంది. తలుపు తట్టినట్టు తట్టాలి, నానాలి, మళ్లీ తట్టాలి. చీకటిపడే దాకా చేసినా చలనం లేదు. ఇక వేడి పెట్టాల్సిందే. కానీ చుట్టూ ఉన్నది ఫైబర్, మంట తగిలితే అంటుకుంటుంది. తడి గోతాలు చుట్టి, నట్టు ఒక్కదానికే బ్లోల్యాంపు మంట చూపించాలి.

మర్నాడు ఇంటి దగ్గర్నుంచి నాలుగు గోతాలు పట్టుకెళ్లాను. సముద్రంలో ముంచి, నట్టు చుట్టూ కప్పి, బ్లోల్యాంపు అంటించాను. రెండు నిమిషాలు కాలేదు, భాయ్ దగ్గడం మొదలుపెట్టాడు. తర్వాత నేను. తర్వాత బోటు చుట్టూ మూగిన వాళ్లంతా. అవి మిర్చి గోతాలు. ఏళ్ల తరబడి కాయ తొక్కిన గోతాలు. మా ఇంట్లో గోతాం అంటే అదే కాబట్టి నాకు ఆ ఆలోచనే రాలేదు. తడికి నానిన కారం మంటకి పొగై లేచింది. కళ్లు తెరవలేకపోయాం. బోటు పెద్ద ఒక్క దూకు దూకి నీళ్లలో పడ్డాడు. ఒడ్డున కుక్క కూడా మిగల్లేదు.

"ఏందయ్యా మేస్త్రీ, బోటుకి తాలింపు పెడతన్నావా?" అని దూరం నుంచి ఆయన భార్య కేకేసింది.

భాయ్ కళ్లు తుడుచుకుంటూ, "నీ బుర్రలో మెదడుందా, మిరపగింజలున్నాయా?" అన్నాడు. గోతాలు మూడుసార్లు ఇసకలో తొక్కి, ఉతికి, మళ్లీ మొదలుపెట్టాం. అప్పటికీ సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉన్నాం.

నట్టు బాగా వేడెక్కాక భాయ్ కొవ్వొత్తి ముక్క తీసి అంచుకి ఆనించాడు. కరిగిన మైనం మరల్లోకి పీల్చుకుపోయింది. చల్లారనిచ్చాం. మళ్లీ వేడి, మళ్లీ మైనం. అలా ఎన్నిసార్లో లెక్కలేదు. పొద్దు వాలే వేళకి స్పానరుకి పైపు తొడిగి ఇద్దరం కలిసి ఆనితే కిర్రుమని చప్పుడు వినిపించింది. ఎంత కదిలిందంటే, గోరు మందం. అక్కణ్ణించి కాస్త ముందుకి, కాస్త వెనక్కి తిప్పుకుంటూ, ఒక్క మర కూడా తెగకుండా చేతిలోకి తీసుకున్నాం. బయటంతా పసుపు, లోపలంతా ఎర్రటి తుప్పు. బయటి అంచున మాత్రం మంటకి నల్లబడి అట్టకట్టిన గ్రీజు ఉంది. రోజూ పెట్టిన గ్రీజు.

బోటు పెద్ద అది చూశాడు. గుడిసెలోకి వెళ్లి తడి వల ఒకటి తెచ్చి నా ముందు పరిచాడు. వాళ్లలో తగువొస్తే వల మీద చెయ్యేసి చెప్పిస్తారు. వల మీద అబద్ధమాడినవాడు మళ్లీ వేటకి దిగకూడదని వాళ్ల కట్టుబాటు.

"నువ్వు మా వాడివి కాదు. అయినా అడుగుతున్నా. చెయ్యేసి చెప్పు మేస్త్రీ, తప్పు మాదా?"

చెయ్యి వేశాను. "మీది కాదు. సరుకు దొంగ సరుకు," అన్నాను.

ఊరి పెద్దలు విన్నారు. బోటు పెద్ద కళ్లు తుడుచుకున్నాడు, కారానికి కాదు. సరుకు దించుకున్నదెవరని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడిగినదానికి నిజమే చెప్పానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. భాయ్ మాత్రం నా వంక ఒకసారి చూసి, సామాను పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మర్నాడు నట్టు తీసుకెళ్లి ఇంజినీరు గారి టేబులు మీద పెట్టాను. పక్కన అయస్కాంతం పెట్టాను. నేను ఊహించుకున్నది వేరు. ఆయన ఉలిక్కిపడతారు, సరఫరా చేసినవాడి మీద ఎగురుతారు అనుకున్నాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. నట్టు తీసి సొరుగులో వేశారు. బీరువాలోంచి రిజిస్టరు తెప్పించి నా ముందు తెరిచారు.

"ఇది ఎవరి సంతకమండీ?"

"నాదే సార్."

"పైన ఏం రాశారో చదవండి."

చదివాను. నా సంతకం కింద, నన్ను నమ్మి పెట్టినట్టుగా, ఆయన సంతకం కూడా ఉంది. ఆ సంతకం పెట్టిన రోజు ఆయన పెట్టె మూత కూడా చూడలేదు. బోటు దగ్గర నట్టు కోసెయ్యమని అంత తొందర ఎందుకు పడ్డారో అప్పుడు నాకు వెలిగింది. ఆయనకి ముందే అనుమానం ఉంది.

"సరుకు తప్పని రాస్తే దించుకున్నవాణ్ణే ముందు పట్టుకుంటారు. సస్పెన్షను తప్పదు. మీ ఇష్టం మరి. నేనైతే మీ మేలు కోరి చెబుతున్నా," అన్నారు. రిపోర్టు అప్పటికే టైపు చేయించి ఉంది. 'వాడకంలో నిర్లక్ష్యం వల్ల గ్లాండు నట్టు బిగుసుకుపోయినది.' కింద మెకానిక్కు సంతకానికి చోటు వదిలారు.

పెట్టాను.

పెళ్లాం పిల్లలు గుర్తొచ్చారని రాయొచ్చు. ఆ ఆరుగురికీ పెళ్లాం పిల్లలున్నారు. పైవాడు బెదిరించాడని రాయొచ్చు. ఆయన గొంతు కూడా పెంచలేదు. నాకు భయం వేసింది, అంతే. ముందురోజు వల మీద వేసిన చెయ్యి, దానికింకా గ్రీజు వాసన పోలేదు. ఆ చేత్తోనే పెట్టాను.

బయటికొచ్చి భాయ్‌కి చెప్పాను. లేతు మిషను ఆపి, "రెండు రోజులు తట్టి, దగ్గి చచ్చింది ఇందుకా? ఆయనన్నట్టు కోసి పారేస్తే గంటలో అయిపోయేదిగా," అన్నాడు. ఆ తర్వాత ఆర్నెల్లు నాతో కలిసి టీ తాగలేదు. కానీ నేను అయస్కాంతం జేబులో వేసుకుని మిగతా బోట్లన్నీ తిరిగి, దొంగ నట్లు ఉన్నవి చెబితే, ఒక్కోదానికీ లేతు మీద అసలైన కంచు నట్టు చేసి ఇచ్చాడు. నాలుగు బోట్లకి మార్చాం. ఏ కాగితమూ లేకుండా, ఎవరికీ చెప్పకుండా. దీన్ని గొప్పగా చెప్పుకోవడం లేదు. దొంగచాటుగా చేసిన మంచిపని అది, పగలు చెయ్యాల్సింది చెయ్యలేక చేసింది. ఇంజినీరు గారు ప్రమోషను మీద వెళ్లారు. ఆ సరుకు పంపినవాడు మరుసటేడు కూడా పంపాడు. అప్పుడు నేను పెట్టెలన్నీ అడుగుదాకా దించి చూశాను. అన్నీ మంచివే.

బోటు వెనక్కి తీసుకునే రోజు కాగితం ఇచ్చి నన్నే పంపారు. దాంట్లో అప్పటికే కొత్త నట్టు బిగించాం. వేరే ఊరి నుంచి ఆరుగురు ట్రాక్టరు వేసుకుని వచ్చారు. బోటు పెద్ద కాగితం మీద వేలిముద్ర వేసి, "తప్పెవరిదని రాశారు మేస్త్రీ?" అని అడిగాడు. ఆయనకి చదువు రాదు.

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయనకి అర్థమైంది. ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడతాడేమోనని వెళ్లాను, తిడితే బాగుండేది.

ఆ ఒడ్డున బోటు లాగుతుంటే అక్కడ నిలబడ్డవాడు ఎవడైనా తాడు మీద చెయ్యి వెయ్యాలి. తనది కాదు కదా అని నిలబడి చూడటం అక్కడ లేదు. ట్రాక్టరు దాకా చేర్చడానికి ఊరివాళ్లంతా తాడు పట్టుకున్నారు. బోటు పోగొట్టుకున్న ఆరుగురూ అందరికంటే ముందు పట్టుకున్నారు. బోటు పెద్ద పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.

"ఓ చెయ్యెయ్యి మేస్త్రీ. ఇసకలో బాగా దిగింది."

వేశాను. హైలెస్సా అంటూ అందరితో పాటు లాగాను. బోటు కదిలింది.

ట్రాక్టరు మీదికి ఎక్కించాక, ఆయన భార్య గుడిసెలోంచి ఒక డబ్బా పట్టుకొచ్చింది. సగం వాడిన గ్రీజు డబ్బా. కొత్తగా బోటు తీసుకెళ్తున్న వాళ్లలో పెద్దవాడి చేతిలో పెట్టింది. నేను ఎదురుగానే ఉన్నాను.

"రోజూ తెల్లారేసరికి పెట్టాలయ్యా. మర్చిపోతే పట్టేస్తదంట," అంది. "మేస్త్రీ చెప్పాడు."